విగ్రహానికి కొలతలు

శిల్పి ఫోటో అడిగాడు.
లేదన్నాం.
పెయ్యల దీనమ్మకి ఫోటో దిగే తీరిక ఎన్నడూ దొరకలేదు.
అర్జీల కింద వేలిముద్రలైతే
తాలూకా ఆఫీసు బీరువా నిండా ఉన్నాయి.
గుమస్తా విసుక్కునేవాడట, ముద్రలో గీతలే పడ్డం లేదని.
కొబ్బరి పీచు పేని పేని అరిగిపోయిన వేళ్ళు మరి.

పోనీ పోలిక చెప్పండి, అన్నాడు.
నల్లగా, పొడుగ్గా. ఎడమ చెవి తమ్మె తెగి ఉండేది.
దగ్గరికొస్తే ఊరేసిన డొక్కల వాసన.
అది సిమెంటులో రాదండీ, అన్నాడు నవ్వకుండా.

నిలబెట్టాలా, కూర్చోబెట్టాలా?

కమిటీ కుర్రాళ్ళు నిలబెట్టాలన్నారు,
చెయ్యెత్తి, వేలు చూపించి.
నేను అడ్డం పడ్డాను.
నిలబడ్డం మనకి ఎవరూ వద్దనలేదురా.
నిలబడే దాటాం వశిష్ఠని,
నీళ్ళు తోడే డొల్ల పక్కన మడమలు నానబెట్టుకుంటూ,
తాతలూ, వాళ్ళ తాతలూ.

అణాలు పోయి పైసలొచ్చిన ఏడు,
చైత్రంలో, ఏరు ఉప్పెక్కే రోజుల్లో,
రేవు పడవలో బల్ల మీద కూర్చుంది దీనమ్మ.
ఆరు పైసలు అందరి దగ్గరా తీసుకున్నావు కదా సరంగూ,
అంది. అంతే అంది.
సరంగు గెడ ముట్టుకోలేదు.
బల్ల మీది వాళ్ళు దిగిపోయారు.
పాటు వచ్చి పడవ బురదలో ఒరిగింది.
పోటు వచ్చి లేచింది.
ఆవిడ లేవలేదు.

మూడో పోటుకి కరణంగారి కోడలిని
నులకమంచం మీద మోసుకొచ్చారు. నొప్పులు.
ఆస్పత్రి అవతలి గట్టున.
రేవంతా దీనమ్మ వంక చూసింది.
అప్పుడూ లేవలేదు.
జరిగింది.
ఆ పిల్ల తలకి తన తొడ ఇచ్చింది.
సరంగు గెడ అందుకున్నాడు.

ఆ సార్వాకి మా పేటలో ఒక్కరినీ ఊడ్పులకి పిలవలేదు.
దీనమ్మ పాక రెండుసార్లు కాలింది.
రెండోసారి తాటాకు మా తాత కప్పాడు,
ఎందుకే నీకీ బల్లలూ గిల్లలూ అని తిడుతూనే.
శిలాఫలకంలో ఇదంతా పట్టదు.

ఇప్పుడు రేవు లేదు, వంతెన ఉంది.
ఆటోలో ఎవరి మోకాలు ఎవరికి తగులుతోందో
ఎవరూ చూడరు.
కల్యాణమండపంలో మాత్రం, పంక్తి దగ్గర,
ఇంకా చూస్తారు.
ఆ వేళ పుట్టినవాడు విగ్రహానికి చందా ఇచ్చాడు.
రసీదు వద్దన్నాడు.

కూర్చోబెడితే బల్లకి వేరే ఖర్చవుతుందండీ,
నసిగాడు శిల్పి.
బల్ల ఖర్చు ఆవిడ ఎప్పుడో కట్టేసిందయ్యా.

టేపు తీశాడు. పొడుగెంత పెట్టమంటారు?

నొప్పులొచ్చిన పిల్ల ఒకతె
కాళ్ళు చాపుకునేంత.