బందు

శనివారం బ్యాంకు నుంచి కాగితాలొచ్చాయి.
అచ్యుతాపురంలో రెండో షెడ్డు, రెండు ప్రెస్సులు, ఎనభై లక్షలు.
పదకొండు చోట్ల పెన్సిలుతో ఇంటూ మార్కులు.
అక్కడల్లా నా సంతకం పడాలి.

ఆదివారం ఆటోనగర్ నిద్రపోతుంది.
షట్టర్ సగం ఎత్తి, వంగి లోపలికి దూరాను.
మేం చేసే పద్నాలుగు రకాలనీ
గోనెపట్టా మీద వరసగా పెట్టాను,
ఊరికే, ఒకసారి మొహాలు చూద్దామని.

టవల్ రాడ్డు. గాజువాకలో వీధికి ముగ్గురు చేస్తారు.
కర్టెన్ బ్రాకెట్టు మా బావ జోగినాయుడి మోజు.
సబ్బుపెట్టె ఎవరడిగితే మొదలెట్టామో గుర్తులేదు.
షూ స్టాండు ఒక్కోదానికీ
పంతొమ్మిది రూపాయలు మేమే ఎదురిస్తున్నాం.
నిన్న రాత్రి లెక్కేస్తే తేలింది.
నాలుగేళ్ళుగా "బాగా పోతోంది" అనుకుంటున్నాం.
పోతోంది, నిజమే.

చిట్టచివర, అరచేతిలో ఇమిడేది,
ఉప్పుగాలికి తుప్పు పట్టని కిటికీ బందు.
మా మొదటి సరుకు.

హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
ఊళ్ళో రెక్కలున్న కిటికీ లేదు.
ఆ ఆర్నెల్లూ రాత్రిళ్ళు కూడా పంచింగు కొట్టాం.
మొన్న ఋషికొండ నుంచి వచ్చిన కన్సల్టెంటు కుర్రాడు
తెరమీద మా గ్రాఫులో ఆ కొండని
ఎర్రచుక్కతో తాకి
"ఇదీ మీ సత్తా మేడమ్" అన్నాడు.
నేను తలూపాను. బావ కాఫీ తెప్పించాడు.
ఇవాళ చూస్తే అది సత్తా కాదు, గాలి.
మా మొదటి సేల్స్ మేనేజరు తుపాను.
జీతం అడగలేదు,
మళ్ళీ డ్యూటీకీ రాలేదు.

మరి ఆ తర్వాత ఎవరు కొంటున్నట్టు?
నెలకి నాలుగొందల జతలు,
అన్నీ ఒకే కొట్టుకి, ఫిషింగ్ హార్బర్ గేటు పక్కన.
అక్కడ కిటికీలెక్కడివి?

స్కూటీ తీశాను.
సింధియా, కాన్వెంట్ జంక్షన్, లారీల వెనక లారీలు.
చేరేసరికి వేలం అయిపోయింది.
ఐసుముక్కలు తొక్కుకుంటూ వెళ్తే
రెండు బోట్ల కాసులమ్మ
చేపలపెట్టె మూత ఎత్తి చూపించింది.
మా బందే.
అడ్డంగా తిప్పి, పెద్ద బోల్టు వేసి, పక్కన ఇంకోటి అతికించి.

"కిటికీకా? ఏటమ్మా ఆ మాట!
ఐసుపెట్టికి ఇదొక్కటే ఆగుతాది.
కాపోతే పొట్టిది.
రెండేసి కలిపి ఎల్డింగు ఎట్టించుకోవాల.
పొడుగుది సెయ్యమని ఆ కొట్టోడికి ఎన్నిపాల్లు సెప్పేనో,
మీకు సెప్పలేదేటి?"

చెప్పలేదు.
నేనూ అడగలేదు.
మా సరుకు మాకు తెలీకుండా
ఉద్యోగం మారిపోయి తొమ్మిదేళ్ళు.
మేమింకా పాతపేరుతోనే బిల్లు కొడుతున్నాం.

సాయంత్రం మళ్ళీ షెడ్డు.
తొమ్మిదింటిని గోనెలో వేసి మూతి కట్టాను.
తాళం గొళ్ళెం దగ్గర చెయ్యాడలేదు,
అది మా నాన్న బొగ్గుతో గోడమీద గీసిన డిజైను.
ఏడాదికి ముప్ఫై కూడా పోవు.
ఉంచేశాను. లెక్కప్రకారం తప్పే.

బావ ఫోన్. "సంతకం పెట్టేవా?"
"పొడుగుబందు డైకి ఎంతవుద్దో కనుక్కో."
"అది తర్వాత చూద్దాం, ముందు పెద్దవనీ."
"ఏది బావా పెద్దవడం?
షూ స్టాండ్లు రెండింతలైతే
పంతొమ్మిదీ రెండింతలవుద్ది."
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడు.

కాగితాలు బల్లమీదే ఉన్నాయి,
ఎగరకుండా వాటి మీద బందు.
బయటికొచ్చి షట్టర్ లాగితే
సగంలో ఆగి కిర్రుమంది.
పట్టాలనిండా తుప్పు.
ఇన్నేళ్ళూ దీనికింద వంగే దూరుతున్నాను.