సొన

నవంబరులో నేను బతికున్నానని చెప్పుకోవాలి.
ఏటా చెప్పుకోవాలి, పింఛనుకి.
ముప్పైనాలుగేళ్ళు నేను కూర్చున్న చిత్తూరు బ్యాంకులోనే
కౌంటరుకి ఇవతల
టోకెను పట్టుకుని.

ఆ అమ్మాయి నా బొటనవేలు పట్టి అద్దం మీద నొక్కింది.
ఎర్ర దీపం.
"తుడిచి పెట్టండి అంకుల్."
ఎర్ర దీపం.
"తలకి రుద్దండి, కాస్త నూనె తగిలితే పడుతుంది."
తల మీద ఏముందని రుద్దడం?
చూపుడువేలు, ఉంగరపువేలు, ఎడమచేతి చిటికెనవేలు,
పదింటిలో ఒక్కటీ నా పేరు చెప్పలేదు.

ఒకప్పుడు ఈ బొటనవేలు
తడి స్పాంజిలో మునిగి మునిగి
నోట్ల అంచులకి అరిగి
చింతగింజలా మెరిసేది.
"అన్నం కలిపేటప్పుడు కూడా లెక్కపెడతావేంది?" అనేది పంకజం.

పంట అప్పుల రోజుల్లో
బంగారుపాళెం నుంచీ యాదమరి నుంచీ
వరసలో వేళ్ళొచ్చేవి.
మనుషులు వాటి వెనకాల ఎక్కడో ఉండేవాళ్ళు.
ఊదారంగు ఇంకు దిండు మీద
ఒక్కో వేలూ నేనే పట్టి దొర్లించేవాణ్ణి.
ఒకామె వేలు మాత్రం
దీపపు మసి అలికినట్టు పడింది.
గీత లేదు, సుడి లేదు.
మూడు ఫారాలు పాడయ్యాయి.
"అది వేలా, కొయ్యముక్కా?" అన్నాను.
నిజంగానే అన్నాను.
ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుంది.
మొహం గుర్తులేదు.
నేను మొహం చూడలేదు.

రిటైరయ్యాక మురకంబట్టులో
ఇంటి వెనక నాలుగు సెంట్లు.
గులకరాళ్ళు, తుంగ, ఎవరో పారేసిన సిమెంటు పెళ్ళలు.
మొదటి వారం బొబ్బలు.
రెండో వారం అవి పగిలి, ఉప్పు తగిలినప్పుడల్లా
సంగటి ముద్ద స్పూనుతో తిన్నాను.

అంట్లు కట్టడానికి మొగిలమ్మ వచ్చింది.
ముందు నా చెయ్యి తిప్పి చూసింది,
సంతలో వంకాయ చూసినట్టు.
"బేంకు సారువి కదా" అంది.

ఆమె ఎడమ చూపుడువేలికి అడ్డంగా మూడు గాట్లు,
కత్తి జారిన మూడు ఆడి నెలలు.
మణికట్టు దాకా మామిడి సొన కాల్చిన మచ్చలు.
చెనిక్కాయ తొక్కల్లాంటి గోళ్ళు,
అల్లం కొమ్ముల్లా తిరిగిన కీళ్ళు.
కాపీ గలాసు పట్టుకుంటే వణికే ఆ చెయ్యి
అంటుకత్తి పట్టగానే
నిలిచిపోతుంది.

"పుల్ల దించేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు సారూ,
చెయ్యి కొయ్యబారిపోతాది."

కొయ్య అన్న మాటకి తలెత్తి చూశాను.
ఆమె చీలికనే చూస్తోంది.
ఆమేనా?
అడగలేదు.

ఐదేళ్ళు.
ఒక నీలం, రెండు బేనీషాలు, బతకని ఒక మల్గూబా.
గోరు కింద మన్ను ఇప్పుడు సబ్బు మాట వినదు.
అరచేతిలో పాత గీతల మీద
కొత్తగా నెర్రెలు.
చొక్కా గుండీ పెట్టుకోవడానికి అద్దం ముందు
అంత సేపెందుకో పంకజానికి తెలుసు.
ఏమీ అనదు.

చివరికి "కన్ను చూపించండి" అన్నారు.
పచ్చ దీపం.
బతికే ఉన్నాను.
ఆ అమ్మాయి ఒక్కసారి కూడా కసురుకోలేదు.
అదే గుచ్చుకుంది దారి పొడుగునా.

ఇంటికొచ్చేసరికి మొగిలమ్మ
అతుకుల మీద పట్టీలు విప్పుతోంది.
పక్కన కూర్చుని కింది పిలకలు గిల్లాను.
"ముద్ర పడలేదు మొగిలమ్మా."
నా వేలు అందుకుంది, తిప్పింది, వాసన చూసింది.
"నాకు పడక ఎన్నేండ్లో అయింది" అంది.
బ్యాంకు పేరు ఎత్తలేదు.

కూలి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నాకే ఇచ్చింది.
"నువ్వు జూడు సారూ, నాకు అంటుకుంటా ఉండాయి."
అలవాటుగా బొటనవేలు నాలిక మీదికి పోయింది.
సొన.
నాలిక చురుక్కుమంది, లెక్క తప్పింది.
మళ్ళీ మొదటి నోటు నుంచి.