గోలు వెనక పడవ

మా మైదానానికి మూడు వైపులే గట్టు.
నాలుగో వైపు సముద్రం.
ఫారో దీవుల్లో చదును నేల దొరకడమే గొప్ప,
దాని అంచులు ఎవరడుగుతారు?
బారు మీంచి పోయిన బంతి నీళ్లలో పడుతుంది.
దాన్ని తేవడానికి ఒక పడవా, ఒక మనిషీ.
ఆ మనిషిని నేను.
మ్యాచికింతని ఇస్తారు, వాన పడితే ఒక కాఫీ ఎక్కువ.

హానుస్‌ని పంతొమ్మిదేళ్లు చూశాను.
వీపునే చూశాను.
అదీ సగం ఆటే.
రెండో సగానికి ఆయన కొండ కిందికి పోయేవాడు,
అక్కడ గోలు వెనక గొర్రెలుండేవి.
వాటికీ వీపే.

కార్నర్‌కి ముందు ఎడమ భుజం కాస్త దిగేది.
పెనాల్టీకి ముందు మడమలు రెండూ
తడి గడ్డిలోకి ఇంకేవి.
గోల్ పడితే, వలలోంచి బంతి తీయడానికి
నావైపు తిరగక తప్పదు కదా,
అప్పుడు తల వంచుకునేవాడు.
టోపీ అంచు కింద గడ్డం ఒక్కటే కనబడేది.
అలాంటప్పుడు మనిషి మొహం చూడటం మర్యాద కాదని
నేను తెడ్డుని చూసుకునేవాణ్ణి.

ఒకసారి డెన్మార్క్ నుంచి పిలుపొచ్చింది.
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మానేసి వెళ్లాడు.
పద్నాలుగు వారాలు బెంచీ మీద కూర్చుని
మళ్లీ అదే షిఫ్టుకి వచ్చాడు.
ఎలా ఉందక్కడ, అన్నాను.
"గాలి లేదు" అన్నాడు.

ఆఖరి ఏడు భుజం మూడుసార్లు జారింది.
మూడోసారి తనే ఎక్కించుకుని ఆట ముగించాడు.
చేతొడుగులు మేకుకి తగిలించలేదు.
నా పడవలో, నీళ్లు తోడే డబ్బా పక్కన పెట్టి పోయాడు,
చలికాలం తెడ్డు వేయడానికి పనికొస్తాయని.
పనికొచ్చాయి.

మార్చిలో ఒక మంగళవారం
గోలులో రన్వా నిలబడింది. పదహారేళ్లది,
జడ చొక్కాలోకి దోపుకుంది.
ఈసారి నావైపున్నది ఆమె వీపు.
ఆమెకెదురుగా, బంతుల సంచీతో, ఆయన.

దుకాణంలో, చర్చిలో రోజూ చూసే మొహం కాదది.
బంతి తన్నీ తన్నగానే భుజం దిగేది, పాత భుజమే.
పిల్ల ఎటు దూకుతుందో అటు
ముందే దూకేవి కళ్లు.
పట్టుకుంటే మూసుకునేవి.
వదిలేస్తే ఏదో అనబోయి, గుటక వేసేవాడు.
అమ్మో, ఆ వీపుకవతల
పంతొమ్మిదేళ్లూ ఇంత భయం ఉండేదా!

నెలంతా పడటమే నేర్పాడు.
మోచేతి మీద కాదు, తుంటి మీద.
తర్వాత గాలి.
"జెండాని నమ్మకు, అది గట్టు మీది సంగతి చెబుతుంది.
గొర్రెల బొచ్చు చూడు" అనేవాడు.
సముద్రం వైపు గోలులో గొర్రెలెక్కడ, అని ఆ పిల్ల.
కాసేపు ఆలోచించి, వేలితో నన్ను చూపించాడు:
"వాడి పడవ ముక్కు ఎటుందో చూడు."

అప్పట్నుంచి నేను
కాస్త సర్దుకుని కూర్చుంటున్నాను.

మొన్న ఆదివారం నాలుగు పడ్డాయి.
నాలుగోదాన్ని వలలోంచి తీస్తూ రన్వా
తలెత్తి, తిన్నగా నా కళ్లలోకి చూసింది.
తెడ్డు వైపు తిరగబోయి ఆగిపోయాను.
ఆ చూపు ఆయన నేర్పాడో,
తల వంచడం ఒక్కటీ నేర్పకుండా దాచుకున్నాడో.

గట్టు మీద హానుస్
జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.
పడవ ముక్కు కొంచెం ఉత్తరానికి తిరిగింది.
ఆమె రెండడుగులు పక్కకి జరిగింది.