నాలుగో రంగు

సోంపేట ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చాక
జీడిపప్పు కంపెనీ కేలండరు తిరగేసి
వెనకవైపు తెలుపు మీద చుక్కలు పెడతాను.
మా అమ్మ చూసి,
"ఇదేటి ముగ్గే, గీతలన్నీ ఒకదానిమీదొకటి ఎక్కీసినాయి" అంటుంది.

చుక్కంటే మనిషి.
లోకనాథం ఒక చుక్క, ఆయన పెళ్లాం పున్నమ్మ ఇంకొకటి.
ఇద్దరి నెత్తురూ మా మిషన్లలో కడుక్కునే ఇంటికెళ్తుంది.
ఇద్దరూ ఒకే పూట వచ్చేస్తే
మంచం దిగలేని కూతురికి గంజి తాగించేవాళ్లుండరు.
అందుకని మధ్యన గీత.
గీత ఉన్నచోట ఇద్దరికీ ఒకే రంగు పడకూడదు.

రంగంటే పూట.
తెల్లారగట్ల ఆకుపచ్చ, మధ్యాహ్నం నీలం, రాత్రి ఎరుపు.
పెన్నులు మూడే.
మిషన్లు ఆరు, ఆరూ మంచి మాట వింటే.

సాడి వల్లభుడికీ అతని పెదనాన్న కొడుక్కీ గట్టు తగువు.
పక్క మంచం వేశామో,
"సూది పీకీసి ఎల్లిపోతాను" అంటాడు, నాలుగు గంటలూ అదే పాట.
నవ్వుతూనే గీశాను.
నవ్వొచ్చిందని సన్నగా గీయడానికి లేదు,
ఈ లెక్కలో గీతలన్నిటిదీ ఒకటే లావు.

ఇచ్ఛాపురంలో బియెస్సీ చదివేటప్పుడు
లెక్కల మేష్టారు బల్ల మీద పటం పరిచి,
ఎంత పెద్ద దేశానికైనా నాలుగు రంగులు చాలమ్మా,
పొరుగూ పొరుగూ కలిసిపోకుండా, అన్నారు.
మేష్టారూ, పటంలో హద్దులు ఒకదాన్నొకటి తొక్కవు.
ఉద్దానంలో ఒకరి అవసరం మీంచే
ఇంకొకరి అవసరం నడిచిపోతుంది.

ఆయన చెప్పిన కిటుకు మాత్రం ఇప్పటికీ వాడతాను:
ఎవరికి చిక్కులెక్కువో వాళ్లకి ముందు రంగెయ్యి.

దాలమ్మది బారువ రోడ్డు.
బల్లెడ దుర్యోధనది కవిటి రోడ్డు.
లోకనాథం వాళ్లది కంచిలి వైపు.
అప్పు పెట్టి తీసుకొచ్చేది ఢిల్లేసు ఒక్కడే,
అతనికున్నది ఒక్క ఆటో,
మూడు రోడ్లూ మూడు దిక్కులు.
నలుగురు మనుషులు, ప్రతి ఇద్దరి నడుమా గీత.
లెక్కపెడితే ఆరు గీతలు.
చేతిలో మూడు పెన్నులు.

పేర్లు అటూ ఇటూ మార్చాను,
రాత్రి వాళ్లని పగటికి తెచ్చాను, పగటి వాళ్లని బతిమాలాను.
ఎటు తిప్పినా ఒక చుక్క తెల్లగా మిగిలేది.
నాలుగో పూట నడపండని పైకి రాశాను, రెండుసార్లు.
ఉన్నవాటిలో సర్దుకోమని జవాబొచ్చింది, ఒకసారి.

సర్దుకున్నది దుర్యోధన.
కొబ్బరికాయలు ఒలిచిన చేతులతో
నా రిజిస్టరు అంచు సవరిస్తూ,
"నాను వారానికోపాలే వొత్తాన్లే అమ్మా,
ఆదివారం మీకు ఖాళీ ఉంతాది గదా.
గట్టోన్ని, నాకేటవుతాది" అన్నాడు.
కాదనాల్సింది.
నేను పెన్ను మూత పెట్టాను.

ఐదో ఆదివారం మంచం మీద దుప్పటి మడత విప్పలేదు.

ఆ రాత్రి కేలండరు తీస్తే
పటం ఎంత తేలిగ్గా ఉందో.
మూడు గీతలు వాటంతటవే పోయాయి.
పున్నమ్మకి ఆకుపచ్చ, దాలమ్మకి నీలం, లోకనాథానికి ఎరుపు,
ఒక్క గీటు కొట్టివేత లేకుండా, నిమిషంలో.
"చూశారా, సరిపోయింది కదా" అన్నాడు ఆఫీసాయన
సంతకం పెడుతూ.
సరిపోయింది.
లెక్క తప్పని రోజు అన్నం దిగకపోవడం
నాకు అదే మొదలు.

ఆ చుక్కని చెరపలేదు.
బజారుకెళ్లి నాలుగో పెన్ను కొన్నాను, నారింజ రంగుది.
దేనికని అమ్మ అడిగితే ఊరికే అన్నాను.

సోమవారం కొత్త కేసు వచ్చింది.
ఇరవయ్యారేళ్లుంటాయేమో,
ఫైలు ఛాతీకి హత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు.
పేరడగడం మర్చిపోయి
"ఎలా వస్తావు బాబూ?" అన్నాను.
"కవిటి రోడ్డమ్మా," అన్నాడు,
"ఢిల్లేసు ఆటోలో."