బొటనవేలి లెక్క

పేరేమో పిల్లిపెసర.
చేన్ల తిరిగేటివన్నీ ఎలుకలే.

ధర్మసాగర్ కాలువ కింద ముప్పై గుంటలు,
సగం పిల్లిపెసర, సగం జొన్నగడ్డి.
దూరంకెల్లి సూస్తె పచ్చగనే ఉంటది.
కొడవలి పట్టుకొని వంగితే ఎరుకైతది:
మొదలుకాడ ఏటవాలుగ కొరికిన కర్రలు,
నిలవడ్డకాన్నే ఎండిన దుబ్బులు,
పాలకేంద్రం బుక్కుల
మొన్నటికంటె తక్కువ రాసిన నా లీటర్లు.

"మందు వెట్టేముందు మనిషెవలో ఎరుక జేస్కో"
అన్నది ఓదెమ్మ చిన్నమ్మ.
ఎలుకను సుత మనిషనే అంటదామె.

గెట్టు పొంటి నడిపిచ్చుకుంట సూపిచ్చింది.
నోరు తెరుసుకొని, ముందట నున్నగ బాట వడ్డ బొక్క
తోక కొసకు కుచ్చున్నదానిది.
కుప్ప మన్ను బయటవోసి
లోపట్నుంచే తలుపేసుకున్నదా, అది పందికొక్కు.
ఆ మన్ను వేళ్లతోటి నలిపింది.
తడున్నది.
"రాత్రి పని" అన్నది, వాసన సూసి.

మాపటీలి బురద పిసికి అన్ని బొక్కలు మూసిన.
ఇరవై మూడు.
ఒక్కోదానికాడ ఒక జొన్నకర్ర గుచ్చిన.
అప్పుడొచ్చింది అనుమానం:
తెల్లారి మూసున్నది నేను మూసిందా,
అది మూసుకున్నదా?
పందికొక్కు మెత్తుడు
నా మెత్తుడుకంటె సాపుగుంటది.

అందుకే ఒక్కోదాని మీద బొటనవేలు ఒత్తిన.
సొసైటీ అప్పు కాయితం మీద ఒత్తిన వేలే.
రేషన్ మిషన్ల పడదది,
గడ్డి కోసి కోసి గీతలరిగినయంటడు డీలరు,
తుడుసుకొని మల్ల పెట్టుమంటడు.
మన్నుల మాత్రం
ఒక్కసారికే పడ్డది.

పొద్దుగాల మంచు ఆరకముందే పోయిన.
పద్నాలుగు పెట్టినవి పెట్టినట్టే ఉన్నయి.
ఎనిమిది పగిలినయి,
బీడీకట్ట కాయితం మీద గీతలు వెట్టుకున్న.
ఒక్కటి
పగల్లేదు.
పాలమీది మీగడ తీసినట్టు
బిళ్లకు బిళ్ల లేపి
ముద్ర సెదరకుండ
పక్కకు వెట్టి పోయింది.

శానసేపు గాడనే కూసున్న.
బర్రెలు అరుస్తున్నా లేవలె.

చిన్నమ్మ వచ్చి సూసింది.
"ముసలిది. తెలివిగల్లది.
ముందుగాల దీనికే పెట్టాలె."

"తొమ్మిది" అని చెప్పిన.
ఎనిమిదిల కలిపి రాయాల్నా,
ఏరుగ రాయాల్నా అని
అడుగలేదు.

మాపటికి మల్ల బురద పిసికిన.
ఆ బొక్కకాడ కొంచెం ఎక్కువసేపు
ఒత్తిపట్టిన వేలు.
పాత బిళ్ల ఎండకు నెర్రెలువారేదాంక
గెట్టు మీదనే ఉన్నది.