నోట్లో ఆరు మేకులు

తలుపు భుజంతో తోసుకుని వచ్చాడు సాదిర్‌బాయ్,
గుర్రాలకు లాడాలు కొట్టేవాడు.
ఎడమ చేతిని కుడిచేత్తో మోసుకొస్తున్నాడు,
పొరుగింటివాళ్ల వస్తువు తిరిగివ్వడానికి తెచ్చినట్టు.

"మూడు రోజులైంది, పిడికిలి విప్పుకోదు.
లాగితే ఇంకా బిగుస్తుంది,
మొండి గాడిదకి పుట్టినట్టుంది."

నారిన్‌కి పైన, వేసవి బీళ్లలో, నాది ఒక్క గది వైద్యశాల.
ఒక పొయ్యి, ఒక మంచం, ఎండతో నడిచే ఫ్రిజ్,
ముప్పై ఒక్క ఏళ్ల ఫెల్డ్‌షర్ ఉద్యోగం,
అంటే డాక్టరు కాని డాక్టర్ని.

వాళ్ల అత్తగారు గొర్రె కొవ్వు రుద్దిందట.
చలిగాలి దూరిందని తేల్చిందట.
పాపం చలిగాలి!
ఈ కొండల్లో ఏ నేరమైనా దాని మీదికే.

ముంజేతిని నొక్కాను. కొయ్య.
మోచేతికి పైన మామూలు కండ, భుజం వదులు.
పళ్లెంలోంచి చెంచా జారి నేల మీద ఖంగుమంది.
చెయ్యి ఒక్కటే ఉలిక్కిపడింది,
మనిషి పడలేదు.

"గాయమేదైనా తగిలిందా?"
"లేదు."
"ఈ నెలలో?"
"లేదన్నాగా."
బొటనవేలి మొదట్లో కందిగింజంత మచ్చ,
మానిపోయి, ఏమీ ఎరగనట్టు.
"ఓ, అదా! బూడిదరంగు ఆడగుర్రం కాలు విదిలిస్తే
మేకు దిగింది. సరిగా నెత్తురు కూడా రాలేదు."

నెత్తురు రాని గాయాలంటేనే నాకు భయం.
లాయం పేడలో ఏళ్లకేళ్లు నిద్రపోయే విత్తనానికి
గాలి ఆడని గుంట ఒకటి చాలు.

నోరు తెరవమన్నాను. గుర్రంలా పళ్లన్నీ చూపించాడు.
గొంతు వెనక పుల్లతో తాకితే
కడుపులోంచి డోకు తన్నుకొచ్చింది.
ఎంత అందమైన డోకు!
పుల్లను కరిచి పట్టుకుని ఉంటే వేరే కథ.
మెడ వంగింది. పొట్ట మెత్తన.
విల్లు ఇంకా వంగలేదు,
ఒక కొసన నారి బిగుసుకుంది, అంతే.

ధనుర్వాతం అన్నాను.
"దవడ బాగానే ఉందిగా" అని నవ్వాడు.

ఎవరూ అడక్కపోయినా ఇక్కడ చెప్పాలి.
పదకొండేళ్ల కిందట ఎలెబెస్ అని ఒక పిల్లవాడు.
చెవిలో చీము, ఒక పక్క ముఖం జారిపోయి.
చలిగాలి అన్నది నేనే.
ఉన్ని గుడ్డ చుట్టుకోమని పంపింది నేనే.
నాలుగో రోజు దవడ పట్టేసింది.
ఐదో రోజు గురించి రాయను.

అందుకే ఆ ముసలామెను ఒక్క మాటా అనలేదు.

మచ్చను కోశాను. లోపల గిట్ట పెచ్చు, నల్లగా, నూకంత.
కడిగాను. మళ్లీ కడిగాను. కుట్లు వెయ్యలేదు.
మెట్రోనిడజోల్ మొదలుపెట్టాను,
బిగువు సడలడానికి డయాజిపామ్.
రెండో భుజానికి టీకా,
ఎందుకంటే జబ్బు వచ్చిపోయినా
ఈ ఒక్క శత్రువు ముఖాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకోదు.
విషానికి విరుగుడు మాత్రం నా ఫ్రిజ్‌లో లేదు.
కింద పెద్దాసుపత్రిలో ఉంది, ఆరు గంటల దారి.

"ఒక్క చేతి కోసం అంత దూరమా?"
"చేతి కోసం కాదయ్యా, చేతి దగ్గరే ఆగాలని."
నరాన్ని పట్టేసినదాన్ని ఆ మందు ఊడదియ్యలేదు,
ఇంకా దారిలో ఉన్నదాన్నే అడ్డగించగలదు.
లారీ తోలే కుర్రాడికి ఒకటే చెప్పాను:
చచ్చినా హారన్ కొట్టకు.

కనుమ మీద తొలి మంచు పడ్డాక,
మందలు దిగిపోతుంటే వచ్చాడు,
రెండో టీకాకి, రెండు వారాలు ఆలస్యంగా.
నాలుగు వేళ్లు చాపి చూపించాడు.
చిటికెన వేలు ఇంకా అలిగే ఉంది.
నేను కార్డు మీద తేదీ రాసి తలెత్తేసరికి
బయట నా గుర్రం కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు,
అడక్కుండానే.
తిట్టబోయి ఆగిపోయాను.
పెదాల మధ్య ఆరు మేకులు.
ఒక్కొక్కటీ తీసి కొడుతుంటే
కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టాను.
ఆరోది కూడా అయిపోయాక
నడుం నిటారుగా చేసి
ఇంత నోరు తెరిచి ఆవలించాడు.