ముందుగా చదివి ఉండవలసినవి

వంటింటి బల్ల మీద
నూనె కంపెనీ ఇచ్చిన క్యాలెండరు తిరగేసి పరిచాను.
వెనక తెల్లగా ఉంది, నాలుగేళ్లకు చాలినంత.
స్కేలు కనిపించలేదు.
బ్రెడ్డు కోసే కత్తి వీపు ఆనించి గీతలు గీశాను.
ఎనిమిది గళ్లు, ఎనిమిది సెమిస్టర్లు.
నలభై రెండేళ్ల ఆడమనిషికి
రాబోయే కాలం ఇంత చదరంగా కనబడటం కొత్త.

బయట సెయింట్ జాన్స్ రేవు మీద పొగమంచు.
ఓడలకు దారి చెప్పే బూర మూడుసార్లు మూలిగింది.
రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు.

పరిచయ పాఠం మొదటి గడిలో. దానికేం పేచీ లేదు.
జ్ఞాపకశక్తి కోర్సు రెండో ఏడాది అన్నారు,
నేను ముందుకు లాగాలని చూశాను.
మా వృద్ధాశ్రమంలో లియాండర్ హిస్కాక్
రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి
"నా పడవ ఎక్కడ కట్టాను?" అంటాడు.
రెండో ఏడాది దాకా ఆయన ఆగుతాడో లేదో.
పసిపిల్లల మనస్తత్వం మూడో గడిలో.
నా కూతురు టెస్సా దాటేసిన వయసులన్నీ
ఇప్పుడు పుస్తకంలో చదవాలి,
పెళ్లయ్యాక ముహూర్తం చూసినట్టు.
అసహజ ప్రవర్తన అని ఇంకొకటుంది.
మా ఊళ్లో ఆ జాబితా మొదలుపెడితే
ఎవరిని వదిలెయ్యాలో తెలీదు.

అన్నీ సర్దాక ఒకటి మిగిలింది,
గణాంకశాస్త్రం.
దాన్ని ఎనిమిదో గడిలోకి తోశాను,
బంతిలో చివరి ఆకు ముందు
అప్పులవాణ్ణి కూర్చోబెట్టినట్టు.

సలహాదారు ఒడెట్ బెనువా కళ్లద్దాలు నుదుటికెత్తి
నా క్యాలెండరు మీద వేలు ఉంచింది.
"చివర్లో కుదరదు, ఆర్డిత్.
ఇది లేనిదే పరిశోధన పద్ధతులు లేవు,
అవి లేనిదే ప్రయోగశాల లేదు,
ప్రయోగశాల లేనిదే..."
వేలు గడి గడికీ వెనక్కి నడిచి
రెండో గడిలో ఆగింది.
"ఇది గడప. దాటాకే ఏ గదైనా."

ఆమెకు తెలియదు,
మా ఇంట్లో లెక్క అన్నది బూతుమాట.
నాకు తొమ్మిదేళ్లప్పుడు
కోట్లు వేసుకున్నవాళ్లు వచ్చి
సముద్రంలో కాడ్ చేపలు ఇన్నున్నాయన్నారు.
లేవు.
జూలైలో ఓ రోజు సముద్రానికి తాళం పడింది.
నాన్న రేడియో కట్టేసి "కాకి లెక్కలు" అన్నాడు.
ఆ తర్వాత పదకొండేళ్లు
ఉప్పు అందించమనడం తప్ప పెద్దగా ఏమీ అనలేదు.
ఆ ఏడు గణితం పరీక్షలో నేను తెల్లకాగితం ఇచ్చాను.
నాకు తలకెక్కదని టీచరు అనుకుంది.
చాన్నాళ్లకు నేనూ అదే అనుకున్నాను.

బెనువా బల్ల మీదున్న పాఠ్యపుస్తకం విప్పాను,
తిట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుందని.
ఏడో అధ్యాయం పేరు: తప్పు.
మనం చెప్పే అంకె
ఎంత మేర తప్పై ఉండొచ్చో
మనమే ముందు ఒప్పుకోవడం ఎలాగో
అభ్యాసాలతో సహా ఉంది.
నిలబడే రెండు పేజీలు చదివాను. సగం అర్థం కాలేదు.

ఆనాడు ఎవరైనా మా వంటింట్లోకి వచ్చి
ఇన్ని చేపలు, కానీ ఇంత తప్పొచ్చు అని
ఆ రెండో ముక్క కూడా చెప్పి ఉంటే?
చేపలు తిరిగొచ్చేవి కావు.
పదకొండేళ్లలో ఓ నాలుగైనా
నాన్న మాట్లాడేవాడేమో.
ఇదీ కాకి లెక్కే.

రెండో గడిలో రాశాను. పెన్సిలుతో.
బుధ, శుక్రవారాలు, ఉదయం ఎనిమిదిన్నర.
డ్యూటీ ఏడింటికి దిగుతుంది,
బస్సు ఇరవై నిమిషాలు, మంచు పడకపోతే.
పడుతుంది.

ఆ రాత్రి నాలుగింటికి లియాండర్ లేచాడు.
పడవ ఎక్కడ, అన్నాడు.
రేవులోనే ఉంది పడుకోండి అనేదాన్ని ఇన్నాళ్లూ.
"ఎక్కడ కట్టారో మీకెంత నమ్మకం?" అని అడిగాను.
దుప్పటి అంచు తాడులా పట్టుకుని
చాలాసేపు ఆలోచించాడు.
"పదికి ఏడు," అన్నాడు,
"తూర్పు గాలైతే ఆరు."